వేడినీటి వివాదాల ట్రిబ్యునల్ కావలెను

కృష్ణా జలాలను మూడు రాష్ట్రాలకు పంచడానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తన నిర్ణయం వెలువరించింది. నూరేళ్ళలో డెబ్బయి అయిదేళ్ళు నమ్మదగినవిగా 2060 టీఎంసీలు ఉంటాయని లెక్కగట్టి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున కేటాయించింది. అంతటి నదికే నాలుగేళ్ళలో ఒక లెక్క తేలగా, మా ఇంటి స్నానాల గదిలోని ఇరవై లీటర్ల బకెట్టు మీదా, దానికి తగిలించిన 1500 వాట్ల హీటరు రాడ్డు మీదా ఆరుగురు హక్కుదారుల మధ్య పదకొండు శీతకాలాలుగా సాగుతున్న వివాదానికి నేటికీ ఒక విచారణ సంఘమైనా లేకపోవడం ఈ దేశ న్యాయవ్యవస్థలోని పెద్ద లోపమని నేను మనవి చేస్తున్నాను.

ముందుగా నీటి లభ్యతను పరిశీలిద్దాము. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకేలరీ వేడి కావాలి. ఒక యూనిట్టు కరెంటులో 860 కిలోకేలరీలు ఉంటాయి. పుష్యమాసపు తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర ఉన్న ఇరవై లీటర్ల నీటిని ఒంటికి హాయిగా తగిలే 42 డిగ్రీలకు తేవడానికి 440 కిలోకేలరీలు, అంటే అర యూనిట్టుకు కొంచెం పైన, ఖర్చవుతుంది. 1500 వాట్ల రాడ్డుకు ఇది సుమారు 20 నిమిషాల పని. ఆరుగురికి రెండు గంటలు. అయిదున్నరకు స్విచ్చి వేస్తే ఏడున్నరకల్లా ఇంటిల్లిపాదీ వేడి నీళ్ళు పోసుకుని, ఎవరి బస్సు వారు పట్టుకోవచ్చునని ఏ ఎనిమిదో తరగతి పిల్లవాడైనా తేల్చి చెప్పగలడు. మా ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఉన్నాడు కూడా, కానీ వాడి గురించి తరువాత చెబుతాను.

ఈ లెక్కలో తప్పు లేదు. తప్పంతా దీనిని 230 వోల్టులకు కట్టడంలోనే ఉంది. మన వీధిలో చలి మనకొక్కరికే వేయదు. సరిగ్గా అయిదున్నరకే ప్రతి ఇంట్లో ఒక రాడ్డు బకెట్టులోకి దిగుతుంది, ఉన్నవారింట్లో గీజరు ఎర్రలైటు వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మరు మూలగడం మొదలుపెడుతుంది. వోల్టేజి 190కి పడితే 1500 వాట్ల రాడ్డు ఇచ్చేది దాదాపు 1020 వాట్లే, ఎందుకంటే వేడి వోల్టేజితో సమానంగా కాక దాని వర్గంతో తగ్గుతుంది. వోల్టేజిలో ఆరో వంతు పోతే వేడిలో మూడో వంతు పోతుందన్నమాట. ఇరవై నిమిషాల పని ముప్పయి నిమిషాలవుతుంది, రెండు గంటల ప్రణాళిక మూడు గంటలవుతుంది. మూడో గంటలో నిలబడేవాణ్ణి నేను. దిగువ రాష్ట్రం అనే మాటకు అర్థం నాకు పత్రికలు చదివి తెలియలేదు.

ఇక బకెట్టులోపలి ఎగువ దిగువల సంగతి. వేడెక్కిన నీరు తేలికై పైకి చేరుతుంది, చల్లనిది అడుగున తిష్ఠ వేస్తుంది. రాడ్డును బకెట్టు అంచుకు తగిలిస్తాము గనుక దాని చుట్ట నీటి మధ్యలో ఆగిపోతుంది, చుట్టకు కింద ఉన్న నీటికి ఆ వేడి వార్త సరిగా చేరదు. ఫలితంగా పైన రోహిణీ కార్తె, అడుగున పుష్యమాసం. పైనుంచి పొగలు చూసి కాగాయని ప్రకటించినవారు మొదటి చెంబుకు కేక వేసి, పదో చెంబుకు వణుకుతారు. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, రాడ్డు పక్కన పెట్టి, చెంబుతో ఒకసారి కలియబెడితే సమస్య తీరిపోతుంది. అయితే ఈ వరుసలో మొదటి రెండు పనులను వదిలేసి చివరిదానికి దిగేవారు మనలో తక్కువేమీ లేరు. ప్రతి విషయంలోనూ వేలు పెట్టడం మనకు అలవాటే గానీ, స్విచ్చి వేసి ఉన్న బకెట్టు మాత్రం ఆ అలవాటును మన్నించదు. 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ మా మీటరు పక్కన ఉంది. మా ఇంట్లో లంచానికీ పలుకుబడికీ లొంగని అధికారి అదొక్కటే.

ప్లగ్గుల విషయం కూడా రికార్డులో ఉండాలి. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర యాంపియర్లు లాగుతుంది, గోడకున్న చిన్న ప్లగ్గు ఆరు యాంపియర్లకు చేసినది. ఆ అర యాంపియరు ఏం చేస్తుందిలే అని మా బావమరిది ఒక పండగనాడు దానికే తగిలించాడు. ఆ ప్లగ్గు ఉన్నచోట ఇప్పుడొక నల్లటి మచ్చ ఉన్నది, మా బావమరిది మాత్రం ఆ పండగ తరువాత పవర్ ప్లగ్గు గొప్పతనం గురించి అందరికీ బోధిస్తున్నాడు.

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అనే సామెతను కొందరు పరిష్కారంగా సూచిస్తారు. ఇరవై లీటర్లను 60 డిగ్రీలదాకా కాచి, పదహారు లీటర్ల చన్నీళ్ళు కలిపితే 42 డిగ్రీల నీళ్ళు ముప్పయి ఆరు లీటర్లు వస్తాయి, ఇద్దరికి కాస్త సర్దుకుంటే సరిపోతాయి. నిజమే, కానీ అందుకు రాడ్డు 37 నిమిషాలు పనిచేయాలి. లీటరుకు ఖర్చయ్యే వేడి రవ్వంత కూడా తగ్గదు. చన్నీళ్ళు తోడు వచ్చేది ఒట్టి చేతులతోనే. ఎంతో మంది చుట్టాల విషయంలోనూ ఇది నిజం.

గీజరు కొనుక్కోవచ్చు కదా అనే వారికి నా జవాబు సిద్ధంగా ఉంది. పదిహేను లీటర్ల గీజరు 60 డిగ్రీలకు కాచినా అందులోంచి వచ్చే స్నానపు నీళ్ళు ఇరవై ఏడు లీటర్లు, అంటే ఒకటిన్నర మనిషికి. తరువాత రెండు కిలోవాట్ల మీద మళ్ళీ ఇరవై నిమిషాలు ఆగాలి. ఇన్‌స్టంట్ అనే బిరుదున్న మూడు కిలోవాట్ల గీజరు కూడా ఈ చలిలో నిమిషానికి రెండు లీటర్లకు మించి ఇవ్వదు. మా బోరు నీళ్ళకు ఏ లోహమైనా రెండు నెలల్లో తెల్లటి గార తొడుక్కుంటుంది, ఆ గార వేడిని నీటికి పోనివ్వక లోపలి తీగను మాడుస్తుంది. రాడ్డునైతే నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి కడగవచ్చు, గోడకెక్కిన గీజరుకు మెకానిక్కును పిలిపించుకోవాలి. కాబట్టి యంత్రం మారితే వివాదం గోడెక్కుతుందే గానీ తీరదు.

మరి హక్కుల మాట. మా నాన్నగారిది పురాతన వినియోగం. సూర్యోదయానికి ముందే సంధ్యావందనం గనుక మొదటి బకెట్టు ఆయనది. అమ్మది రెండోది, ఇందులో తగాదా లేదు. శ్రీమతికి 8 గంటల 10 నిమిషాల బస్సు ఉన్నది, అది ఏ ట్రిబ్యునల్ ఉత్తర్వుకూ ఆగదు. అమ్మాయికి మామూలు రోజుల్లో ఒక బకెట్టు, శనివారం తలంటుకు రెండు. ఆ రెండోదానిని నేను ఎత్తిపోతల పథకంగా వర్గీకరించి అభ్యంతరం తెలిపాను, విచారణకు రాలేదు. అబ్బాయి, అంటే పైన చెప్పిన ఎనిమిదో తరగతి గణిత శాస్త్రవేత్త, తన కేటాయింపును ఎప్పుడూ పూర్తిగా వాడుకోడు. రెండు చెంబులు చప్పుడయ్యేలా నేల మీద పోసి తువ్వాలు చుట్టుకుని బయటికి వస్తాడు. మా పరీవాహక ప్రాంతంలో మిగులు జలాలకు ఏకైక ఆధారం ఈ పిల్లవాడి అశ్రద్ధే. వాడికి శుభ్రత నేర్పమని శ్రీమతి నన్ను ఎన్నోసార్లు కోరింది, ప్రయోజనాల వైరుధ్యం దృష్ట్యా నేను ఆ బాధ్యతనుంచి తప్పుకున్నాను.

బచావత్ తీర్పులో నాకు బాగా నచ్చిన అంశం ఒకటుంది. నికర జలాలు పోగా మిగిలిన నీటిని వాడుకునే స్వేచ్ఛను దిగువనున్న ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది, అయితే ఆ వాడకం వల్ల ఏ హక్కూ సంక్రమించదని కూడా రాసింది. మా ఇంట్లో నా స్థితిని ఇంత క్లుప్తంగా మరెవరూ చెప్పలేదు.

నిన్న ఉదయం ఎనిమిదింబావుకు ఆ స్వేచ్ఛను వినియోగించుకోవడానికి వెళ్ళాను. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, రాడ్డు పక్కన పెట్టి, చెంబుతో కలియబెట్టి, ఆ తరువాతే వేలు పెట్టి చూశాను. ముప్పావు బకెట్టు నీళ్ళు, సరిగ్గా 42 డిగ్రీలకు ఉన్నట్టున్నాయి. పిల్లవాణ్ణి మనసులో దీవించి గడియ పెట్టుకోబోతుండగా పూజగది నుంచి నాన్నగారి గొంతు వినిపించింది.

"ఒరేయ్, ఆ బకెట్టులో ఇంకా వేణ్ణీళ్ళున్నాయా? మోకాళ్ళు పట్టేశాయిరా, కాస్త కాపడం పెట్టుకుంటాను."

"ఉన్నాయి నాన్నగారూ," అన్నాను, బకెట్టు ఎత్తుకుంటూ.