హక్కుల కారొచ్చింది, జరగండి

మొన్న ఆదివారం సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో నా బండి ముందు ఒక తెల్ల కారు అడ్డంగా ఆగింది. సిగ్నల్ పడి కాదు, మిర్చి బజ్జీల కోసం. నంబరు ప్లేటు మీద నంబరు కన్నా పెద్దక్షరాల్లో ఎర్రగా 'హ్యూమన్ రైట్స్' అని ఉంది, కింద 'జిల్లా చైర్మన్' అని. హారన్ కొట్టబోయి ఆగిపోయాను. మానవ హక్కులు బజ్జీలు తింటుంటే మామూలు మానవుడు తొందరపెట్టకూడదు.

ఈ పదవికి పెద్ద చదువేం అక్కర్లేదు. కొంత కడితే మండలం, ఇంకొంత కడితే జిల్లా. మాకు తెలిసిన ప్లాట్ల బ్రోకరు ఒకాయన ఏకంగా రాష్ట్రస్థాయికి పోయాడు. ఆయన కార్డు మీద మూడు సింహాలకు దూరపు చుట్టాల్లాంటి జంతువులేవో ఉంటాయి. ఓసారి హైదరాబాద్‌కు లిఫ్ట్ ఇస్తానంటే ఎక్కాను, నాదే తప్పు. టోల్ గేటు దగ్గర కుర్రాడు "ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ లేదు సార్" అన్నాడు. ఈయన కార్డు చూపించాడు.

"హ్యూమన్ రైట్స్‌నే ఆపుతవా?"

"డబల్ కట్టాలె సార్."

"నీ డ్యూటీ ఎన్ని గంటలు? లేబర్ చట్టం తెలుసా నీకు?"

"తెల్వది సార్. డబల్."

వెనక బండ్ల వరస పెరిగింది. చివరికి ఒక లారీ డ్రైవరు దిగొచ్చి, "అన్నా, ఆ పైసలేవో నేనిస్త, నువ్వు జరుగు" అన్నాడు. తీసుకున్నాడండీ! రాష్ట్ర చైర్మన్ గారు లారీ డ్రైవరు దగ్గర పైసలు తీసుకుని, చిల్లర జేబులో వేసుకుని ముందుకు కదిలారు.

ఇదే హన్మకొండలో బాలగోపాల్ అని ఒకాయన ఉండేవాడు. కెరీర్ ప్లానింగ్ బొత్తిగా తెలియని మనిషి. లెక్కల్లో డాక్టరేట్ చేసి 1981 నుంచి కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ, 1985లో ఆ ఉద్యోగం వదులుకున్నాడు. అన్ని లెక్కలొచ్చిన వాడికి పెన్షన్ లెక్క మాత్రం రాలేదు. పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా ఎన్‌కౌంటర్ జరిగిన ఊళ్లకు పోయి ఏం జరిగిందో అడిగేవాడు. 1989లో ఆయన్ని కిడ్నాప్ చేశారు. తర్వాత లా చదివి, హైకోర్టులో పేదల కేసులు వాదించి, 2009 అక్టోబర్ 8న 57 ఏళ్లకే పోయాడు. ఒక్క స్టిక్కర్ లేదు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. ఆ సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ రామనాథం పిల్లల డాక్టరు. 1985 సెప్టెంబర్ 3న ఒక ఎస్సై శవయాత్రలో వచ్చిన పోలీసులు ఆయన్ని కాల్చి చంపారు. 1991లో అదే సంఘంలో పనిచేసే లాయరు నర్రా ప్రభాకర్ రెడ్డి హత్యకు గురయ్యాడు. హక్కులనే మాట నోరు తెరిచి అంటే ప్రాణం పోయిన ఊరయ్యా ఇది! ఆ మాటను రేడియం స్టిక్కర్ చేసి, టోల్ ఎగ్గొట్టడానికి, నో పార్కింగ్‌లో బండి పెట్టడానికి వాడుకుంటారా? తూ!

చౌరస్తాలో బజ్జీలు అయిపోయాయి. చైర్మన్ గారు చేతి నూనె కారు తలుపుకే తుడిచి ఎక్కారు. కానిస్టేబుల్ ఆయనకు సెల్యూట్ కొట్టి, దారివ్వమని నన్ను వెనక్కి జరిపాడు. జరిగాక నా ఫోటో తీశాడు. హెల్మెట్ పట్టీ పెట్టుకోలేదట.