చెరిపేసిన గెలుపును తిరిగి రాయాలి

అమెరికాలో యూనివర్సిటీల ఆటలను నడిపే సంస్థ పేరు ఎన్‌సీఏఏ. మనం ఫుట్‌బాల్ అనే ఆటను అక్కడ సాకర్ అంటారు. పురుషుల సాకర్‌లో 1959 నుంచి ఏ ఏడాది ఏ యూనివర్సిటీ చాంపియన్ అయిందో ఆ సంస్థ రికార్డుల్లో వరుసగా ఉంటుంది. 1969లో సెయింట్ లూయిస్. 1970లో సెయింట్ లూయిస్. 1972లో మళ్లీ సెయింట్ లూయిస్. మధ్యలో 1971 దగ్గర మాత్రం ఏ జట్టు పేరూ ఉండదు. టైటిల్ రద్దయిందని మాత్రమే ఉంటుంది.

ఆ ఏడాది ఆట ఆగలేదు. 1971 డిసెంబర్ 30న మయామీలోని ఆరెంజ్ బౌల్ స్టేడియంలో ఫైనల్ జరిగింది. ఒకవైపు వరుసగా రెండేళ్లు చాంపియన్ అయి, 40కి పైగా మ్యాచ్‌ల్లో ఓటమన్నది ఎరగని సెయింట్ లూయిస్. మరోవైపు వాషింగ్టన్ నగరంలోని హోవార్డ్ యూనివర్సిటీ. హోవార్డ్ కుర్రాళ్లు 3-2తో గెలిచారు. ఆ సీజన్‌లో ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచారు. నల్లజాతి విద్యార్థుల చదువు కోసం పుట్టిన ఒక విద్యాసంస్థ ఎన్‌సీఏఏ అగ్రశ్రేణి పోటీల్లో, ఏ ఆటలోనైనా సరే, జాతీయ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. అలాంటి గెలుపు రికార్డుల్లో లేదు. అది అన్యాయమని మేం నమ్ముతున్నాం. 50 ఏళ్లు దాటినా ఆ అన్యాయాన్ని సరిదిద్దే అవకాశం ఇంకా ఉందని కూడా నమ్ముతున్నాం.

హోవార్డ్ అంటే మన పాఠకులకు కమలా హారిస్ చదివిన చోటుగా తెలుసు. బానిసత్వం రద్దయిన రెండేళ్లకే, 1867లో, ఆ యూనివర్సిటీ మొదలైంది. తెల్లవాళ్ల స్కూళ్లు, నల్లవాళ్ల స్కూళ్లు వేరుగా ఉండటం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టుతో చెప్పించిన లాయర్ థర్‌గుడ్ మార్షల్ అక్కడే లా చదివారు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగినప్పుడు క్యాంపస్ చుట్టుపక్కల వీధులు మంటల్లో కాలాయి. అదే ఏడాది విద్యార్థులు పరిపాలనా భవనాన్ని ఆక్రమించి రోజుల తరబడి నడిపారు. ఆ వేడి చల్లారకముందే, 1970లో, లింకన్ ఫిలిప్స్ సాకర్ కోచ్‌గా అక్కడికి వచ్చారు.

ఫిలిప్స్‌ది ట్రినిడాడ్. బ్రయాన్ లారా పుట్టిన దీవి అంటే మనవాళ్లకు వెంటనే గుర్తుకొస్తుంది. ఆయన గోల్‌కీపర్. 1967 పాన్ అమెరికన్ క్రీడల్లో కాంస్య పతకం గెలిచిన ట్రినిడాడ్ జట్టులో ఆడారు. తరువాత అమెరికా వచ్చి వాషింగ్టన్ డార్ట్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు ఆడుతూనే కోచింగ్ కూడా చేశారు. హోవార్డ్‌కు వచ్చేసరికి ఆయన వయసు 30 కూడా లేదు.

సాకర్ ఆ క్యాంపస్‌కు కొత్తేమీ కాదు. టెడ్ చాంబర్స్ కోచ్‌గా ఉన్న రోజుల్లోనే, 1961లో, చిన్న కాలేజీల సంఘం ఎన్ఏఐఏ టైటిల్‌ను హోవార్డ్ గెలిచింది. ఫిలిప్స్ వచ్చిన మొదటి ఏడాదే జట్టు ఎన్‌సీఏఏ సెమీఫైనల్ దాకా వెళ్లి, యూసీఎల్‌ఏ యూనివర్సిటీ చేతిలో 4-3తో ఓడింది. ఆ జట్టులో ట్రినిడాడ్, జమైకా, నైజీరియా, ఇంకా ఎన్నో దేశాల కుర్రాళ్లున్నారు. అందరి రంగూ ఒకటే గానీ యాస ఒకటి కాదు, తిండి ఒకటి కాదు, బంతిని ఆడించే తీరూ ఒకటి కాదు. కరీబియన్ కుర్రాడు బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఆడించాలనుకుంటాడు. ఇంకొకడు పొడవుగా కొట్టి పరిగెత్తాలనుకుంటాడు. ఇంతమందిని ఒక తాటి మీదికి తేవడమే ఫిలిప్స్ చేసిన మొదటి పని. దాన్ని చాలామంది తక్కువగా చూస్తారు. విదేశీ ఆటగాళ్లను పోగేసుకుంటే ఎవరైనా గెలుస్తారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. వేర్వేరు దేశాల నుంచి వచ్చిన పిల్లలను ఒకే హాస్టల్‌లో పెట్టి చూసిన వార్డెన్ ఎవరైనా ఆ మాట అనరు.

1971లో గెలిచారు. సంబరాలయ్యాయి. ఆ తరువాత ఎన్‌సీఏఏ విచారణ మొదలైంది. కొందరు ఆటగాళ్లకు అర్హత లేదని తేల్చి 1973లో శిక్ష వేసింది. 1971 టైటిల్ పోయింది. 1972 టోర్నీ ఫలితాలూ పోయాయి. 1973 టోర్నీలో ఆడకూడదన్నారు.

ఇంతకీ వాళ్లు చేసిన తప్పేమిటి? లంచం తీసుకున్నారని ఎవరూ అనలేదు. మ్యాచ్ అమ్ముకున్నారని అనలేదు. ఉత్ప్రేరకాలు వాడి ఆడారని అనలేదు. అసలు గొడవంతా నిబంధనల దగ్గర వచ్చింది. అందులో ఒకటి విదేశీ విద్యార్థుల నిబంధన. 19 ఏళ్లు నిండాక సొంత దేశంలో ఏదైనా జట్టు తరఫున పోటీల్లో ఆడి ఉంటే, అలా ఆడిన ప్రతి ఏడాదినీ అమెరికా కాలేజీ ఆటలో ఒక ఏడాదిగా లెక్కగట్టి తగ్గిస్తారు. ట్రినిడాడ్‌లో రెండేళ్లు ఊరి క్లబ్బుకు ఆడి వచ్చిన కుర్రాడు అమెరికాలో ఒక్క బంతీ తన్నకముందే రెండేళ్లు పోగొట్టుకుంటాడన్నమాట. అమెరికా కుర్రాడు అదే వయసులో తన ఊళ్లో క్లబ్బుకు ఆడితే ఆ లెక్క లేదు. ఆట ఒకటే, వయసు ఒకటే. పాస్‌పోర్టు మాత్రమే వేరు.

రెండోది మార్కుల నిబంధన. కాలేజీలో చేరకముందే, స్కూలు మార్కులు, ప్రవేశ పరీక్ష స్కోరు కలిపి, ఈ విద్యార్థికి కాలేజీలో 4 పాయింట్లకు 1.6 సగటు వస్తుందా రాదా అని ముందుగా అంచనా వేయాలి. అంచనా లేకపోతే ఆడటానికి వీల్లేదు. శాట్ అనే ఆ ప్రవేశ పరీక్ష పేరే వినని దీవుల నుంచి, బ్రిటిష్ పద్ధతి బోర్డు పరీక్షలు రాసి వచ్చిన పిల్లల దగ్గర ఆ స్కోరు ఎక్కడి నుంచి వస్తుంది?

హోవార్డ్ ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. విదేశీ విద్యార్థుల నిబంధన రాజ్యాంగం హామీ ఇచ్చిన సమాన రక్షణకు విరుద్ధమని 1973లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు చెప్పింది. 1975లో అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది. మన రాజ్యాంగంలోని 14వ అధికరణ కూడా చట్టం ముందు సమానత్వం గురించి చెప్పేటప్పుడు ‘పౌరుడు’ అనదు, ‘ఏ వ్యక్తికీ’ అంటుంది. పరాయి దేశం నుంచి వచ్చినవాడికి కూడా న్యాయం ఒకే తూకంతో ఉండాలన్నదే ఆ రెండు చోట్లా ఉన్న భావం.

కోర్టు హోవార్డ్ చెప్పినవన్నీ ఒప్పుకోలేదన్నది కూడా నిజం. మార్కుల నిబంధనను సమర్థించింది. ఐదేళ్లలోపే ఆట ముగించాలన్న ఇంకో నిబంధననూ సమర్థించింది. కాబట్టి టైటిల్ తిరిగి ఇవ్వాలని కోర్టు ఆదేశం రాలేదు. ఎన్‌సీఏఏ వైపు ఉన్న గట్టి వాదన ఇదే. దాన్ని మేం దాచడం లేదు. కానీ ఆ 1.6 మార్కుల నిబంధనను 1973లో ఎన్‌సీఏఏ తనంతట తానే ఎత్తేసింది. శిక్షకు ఆధారమైన నిబంధనల్లో ఒకదాన్ని కోర్టు కొట్టేసింది, ఇంకోదాన్ని పెట్టినవాళ్లే తీసేశారు. శిక్ష మాత్రం అలాగే ఉండిపోయింది. పునాది రాళ్లు తీసేశాక గోడ ఒక్కటీ నిలబడి ఉండటం న్యాయమా?

1974 గురించి చెప్పుకోవాలి. నిజానికి ఈ కథలో మాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ ఏడాదే. గెలిచింది పోయింది, ఒక సీజన్ నిషేధంలో పోయింది. చెడ్డపేరు మాత్రం మిగిలింది. అలాంటి జట్టు కుంగిపోవడం సహజం. ఫిలిప్స్ కుర్రాళ్లకు ఒక మాట ఇచ్చారు. నేలకేసి తొక్కినా నిజం మళ్లీ పైకి లేస్తుందన్న మాట అది. ఆ సీజన్ అంతా వాళ్లు దాన్నే పట్టుకుని ఆడారు. 19 మ్యాచ్‌లు ఆడి 19 గెలిచారు. 63 గోల్స్ కొట్టారు. ఇచ్చినవి 6 మాత్రమే. సెమీఫైనల్లో హార్ట్‌విక్ కాలేజీని 2-1తో దాటి ఫైనల్ చేరితే, ఎదురుగా మళ్లీ సెయింట్ లూయిస్. ఆడేది సెయింట్ లూయిస్ నగరంలోనే, బుష్ స్టేడియంలో.

ఆ ప్రత్యర్థి ఎవరో తెలిస్తేనే ఆ రోజు విలువ తెలుస్తుంది. 1959 నుంచి 1973 వరకు జరిగిన 15 టోర్నీల్లో ఒకదాన్ని పంచుకున్నది సహా 10 టైటిళ్లు సెయింట్ లూయిస్‌వే. జట్టులో ఎక్కువ మంది ఆ ఊరి పిల్లలే. వాళ్ల కోచ్ హ్యారీ కియో 1950 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించిన అమెరికా జట్టులో ఆడిన మనిషి. అలాంటి జట్టుతో, వాళ్ల ఊళ్లో, వాళ్ల జనం ముందు. 90 నిమిషాలు అయ్యేసరికి 1-1. అదనపు సమయం ఇచ్చారు, తేలలేదు. మళ్లీ ఇచ్చారు, తేలలేదు. మూడోసారి కూడా తేలలేదు. ఆ టెన్షన్‌లో కాళ్లు పట్టేసి ఉంటాయి, ఊపిరి అందక ఉంటుంది. నాలుగో అదనపు సమయంలో కెన్నెత్ ఇలోడిగ్వే గోల్ కొట్టాడు. హోవార్డ్ 2, సెయింట్ లూయిస్ 1. ఆ తరువాత ఇప్పటిదాకా సెయింట్ లూయిస్ మళ్లీ ఆ టైటిల్ గెలవలేదు.

ఈ రెండో టైటిల్‌ను ఎవరూ లాక్కోలేకపోయారు. 1974 ఉంది కదా, 1971 గురించి ఇంకా ఎందుకు అనేవాళ్లున్నారు. ఆ మాట మేం ఒప్పుకోం. 1974లో గెలిచింది 1974 జట్టు. 1971లో ఆడి, చదువు ముగించుకుని వెళ్లిపోయిన కుర్రాళ్లకు రెండో అవకాశం రాలేదు. వాళ్ల గెలుపు వాళ్లది.

ఫిలిప్స్ పదేళ్లలో 116 మ్యాచ్‌లు గెలిపించి, 19 మాత్రమే ఓడి, 1980లో హోవార్డ్ వదిలారు. జట్టు ఆయనతో ఆగిపోలేదు. 1988లో కీత్ టక్కర్ కోచ్‌గా మళ్లీ ఫైనల్ చేరి, ఇండియానా యూనివర్సిటీ చేతిలో 1-0తో ఓడింది. అప్పటి గోల్‌కీపర్ షాకా హిస్లాప్ హోవార్డ్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతూ ఆడాడు. ఆ తరువాత ఇంగ్లండ్‌లో న్యూకాజిల్, వెస్ట్‌హామ్ జట్లకు ఆడాడు. 2006 ప్రపంచ కప్‌లో ట్రినిడాడ్ తరఫున స్వీడన్‌ను ఒక్క గోల్ కూడా కొట్టనివ్వకుండా 0-0తో నిలబెట్టాడు. జాత్యహంకారానికి రెడ్ కార్డు చూపించాలంటూ ఇంగ్లండ్‌లో స్కూలు పిల్లల మధ్య పనిచేసే సంస్థ పుట్టడంలోనూ అతని పాత్ర ఉంది. ఆడుతూ చదవడం, చదువుతూ ఆడటం ఆ క్యాంపస్‌కు కొత్త కాదు.

రద్దు చేసిన గెలుపును తిరిగి ఇవ్వడం ఎన్‌సీఏఏకు చేతకాని పని కూడా కాదు. పెన్ స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు చెందిన 112 విజయాలను 2012లో రద్దు చేసింది. అక్కడ జరిగింది పిల్లలపై లైంగిక దాడుల కేసు. సాకర్ అర్హత కాగితాలతో పోల్చదగిన విషయమే కాదు. అయినా 2015లో కోర్టు గొడవను రాజీ చేసుకుంటూ ఆ 112 విజయాలనూ తిరిగి రికార్డులకు ఎక్కించింది. మూడేళ్లలో 112 విజయాలు తిరిగి ఇవ్వగలిగిన సంస్థకు ఒక్క ఫైనల్‌ను తిరిగి ఇవ్వడం ఏమంత కష్టం?

కాలం కూడా మారింది. 2021 మేలో ఇండియానాను 1-0తో ఓడించి చాంపియన్ అయిన మార్షల్ యూనివర్సిటీ జట్టులో చాలామంది విదేశీ కుర్రాళ్లే. గెలుపు గోల్ కొట్టింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన విద్యార్థి. అందరూ చప్పట్లు కొట్టారు, కొట్టాలి కూడా. హోవార్డ్‌ను ఏ కళ్లతో చూసి శిక్షించారో, అలాంటి జట్టే ఈరోజు అమెరికా కాలేజీ సాకర్‌కు గర్వకారణం.

ఈ విషయం తెలుగు ఇళ్లకు దూరం కాదు. మన వేలాది పిల్లలు అమెరికా క్యాంపస్‌లలో చదువుతున్నారు. వీసా స్టాంపు దగ్గర, ఉద్యోగానికి అనుమతి దగ్గర, ప్రతి చిన్న కాగితం దగ్గర టెన్షన్ పడే తల్లిదండ్రులు మన ఊళ్లన్నిటిలో ఉన్నారు. ఆ పిల్లలు అక్కడి నిబంధనలన్నీ పాటించాలనే మేం చెబుతాం. కానీ సొంత ఊళ్లో చేసిన పనిని, వేరే దేశం వాడన్న ఒక్క కారణంతో తప్పుగా లెక్కగట్టడం ఎవరి విషయంలో జరిగినా అన్యాయమే. 1971లో అది ట్రినిడాడ్, జమైకా కుర్రాళ్లకు జరిగింది.

ఎన్‌సీఏఏ చేయాల్సింది చిన్న పని. కోర్టు కొట్టేసిన నిబంధన కారణంగా ఎంత శిక్ష పడిందో బయటపెట్టాలి. 1971 టైటిల్‌ను హోవార్డ్ పేరు మీద తిరిగి రాయాలి. ట్రోఫీని అదే యూనివర్సిటీ మైదానంలో, ఆ జట్టు ఆటగాళ్లను పిలిచి వాళ్ల చేతికి ఇవ్వాలి. ఆనాడు ఆరెంజ్ బౌల్‌లో ఆడిన కుర్రాళ్లకు ఇప్పుడు 70 ఏళ్లు దాటాయి. ఆ స్టేడియాన్ని 2008లో కూల్చేశారు, దాని స్థానంలో బేస్‌బాల్ మైదానం కట్టారు. 1974 ఫైనల్ జరిగిన బుష్ స్టేడియం కూడా లేదు. మైదానాలు పోయాయి గానీ, ఆడినవాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు. వాళ్లుండగానే ఆ ఖాళీ గడిలో హోవార్డ్ పేరు రాయాలి.