దొంగపాటకు తాళం వేస్తున్నదెవరు?

వేలంలో రేటు ఎక్కువొచ్చిందంటే చాలు, అందరూ చల్లగా ఊరుకుంటారు. అమ్మినవాడికి డబ్బు, లెక్కలు రాసేవాడికి తృప్తి, పై అధికారికి మీటింగులో చెప్పుకోవడానికి ఒక అంకె. ఆ రేటు ఎలా వచ్చింది, ఎదురు పాడినవాళ్లు అసలు ఉన్నారా లేరా అని అడిగేవాడు మాత్రం ఉండడు. తిరుపతి చుట్టుపక్కల, అప్పు కట్టలేదని ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసిన బండ్ల వేలాల్లో, లేని పాటదారుల పేరుతో దొంగపాట పాడించి రేటు పెంచుతున్నారని ఈ మధ్య ఫిర్యాదులు వినిపిస్తున్నాయి. మాకు ఒళ్లు మండుతున్నది ఆ ఫిర్యాదులకు వస్తున్న జవాబు విని. ‘రేటు ఎక్కువొచ్చింది కదా, ఇందులో మోసం ఏముంది’ అంట!

ఏముందో చూద్దాం. సీజ్ చేసిన బండ్లు నిలిపే యార్డులో ఒక రేకుల షెడ్డు, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, ముందర టేబుల్ మీద ఒక ల్యాప్‌టాప్. దాని తెర వేలం వేసేవాడికే కనిపిస్తుంది, కుర్చీల్లో ఉన్నవాళ్లకు కనిపించదు. కొండ మీదికి ట్రిప్పులు తిప్పుకునే డ్రైవరొకడు చీటీ పాడుకున్న డబ్బు జేబులో పెట్టుకుని ఏడు సీట్ల బండి కోసం వచ్చాడనుకోండి. షెడ్డులో మిగతావాళ్లు మూడు లక్షల ఎనభై వేల దగ్గర ఆగిపోయారు, ఇతను ఎనభై అయిదు అన్నాడు. ఒకటోసారి, రెండోసారి అయ్యాక మూడోసారి అనేలోపు వేలం వేసేవాడు ల్యాప్‌టాప్ వైపు ఒక చూపు చూసి, ‘ఆన్‌లైన్‌లో ఇంకో అయిదు సామీ, పైన ఎవురన్నా ఉండారా?’ అంటాడు. డ్రైవరు మరో అయిదు పెంచుతాడు. మళ్లీ ఆన్‌లైన్. మళ్లీ ఇతను. అలా ఆ కనపడని మనిషి తరుముకుంటూ పోతే నాలుగు లక్షల ముప్ఫై అయిదు వేల దాకా పాడి, ఇంక నా వల్ల కాదని ఇతను చేతులెత్తేస్తాడు. నాలుగు నలభైకి బండి ఆన్‌లైన్ వాడికి పోయింది. అక్కడితో అయిపోతే బాధ లేదు. మూడో రోజు ఫోన్ వస్తుంది. ‘అన్నా, ఆ పార్టీ డబ్బు కట్టలేదు, రెండో పాట మీదే, మీ రేటుకే ఇచ్చేస్తాం, సాయంత్రంలోగా కట్టేయండి.’

మీ రేటు! అది అతని రేటు ఎప్పుడైంది? కళ్లెదురుగా కూర్చున్న మనుషులతో తేలిన రేటు మూడు ఎనభై అయిదు. పైన యాభై వేలు డబ్బు కట్టని వాడితో, బహుశా అసలు లేనే లేని వాడితో పోటీపడి పెంచుకున్నది. ఆ యాభై వేలు అడగడానికి అమ్మేవాడికి ఏ హక్కు ఉంది? పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చేసే బేరంలో కూడా అవతల ఒక మనిషి ఉంటాడు, వాడి చెయ్యి మన చేతికి తగులుతుంది.

పూర్తిగా ఫోన్లోనే నడిచే వేలాల్లో ఇంకా సులువు. ఇంత వరకు పోతాను అని మన గరిష్ఠ రేటు ముందే నమోదు చేసుకోమంటారు, యాప్ మన తరఫున మెట్టు మెట్టుగా పాడుతుంది. మరి ఆ అంకె ఉండేది ఎవరి సర్వర్లో? వేలం నడిపేవాడి దగ్గరే. లోపలి మనిషి ఒక్కడు ఆ అంకె చూడగలిగితే చాలు, దానికి వెయ్యి రూపాయల తక్కువ దాకా తీసుకెళ్లి వదిలేయొచ్చు. పైగా ‘ఈ బండిని ఇంకా ఇంతమంది చూస్తున్నారు’ అంటూ తెర మీద ఎర్ర అక్షరాలు, టెన్షన్ పెట్టడానికి. ఇలాంటి ఉత్తుత్తి తొందర పెట్టడాన్ని 2023 నవంబరులో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లలో కొనేవాడిని మాయ చేసే ఎత్తులు) మార్గదర్శకాల్లో తప్పుడు పద్ధతిగా చేర్చింది. చేర్చి ఏం లాభం, అడిగేవాడు లేనప్పుడు.

వేలం సంస్థల వాదనా చెప్పుకుందాం. ఎవరినీ చెయ్యి పట్టుకుని పాడించలేదు, ఎంత వరకు పాడాలో కొనేవాడే తేల్చుకోవాలి అంటారు. ఎదుటివాడు నిజమైన పాటదారు అయితే ఆ మాట ఒప్పుకుంటాం, కాకపోతే ఒప్పుకోం.

ఇది చట్టంలో లేని సంగతా అంటే, తొంభై ఏళ్ల పైబడి ఉంది. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 64వ సెక్షన్ చదవండి. నేనూ పాడతాను అని అమ్మేవాడు ముందే ప్రకటించుకోకపోతే, తాను పాడటం గానీ తన మనిషి చేత పాడించడం గానీ చెల్లదు. తెలిసి తెలిసి ఆ పాట తీసుకున్న వేలందారుదీ తప్పే. అలా జరిగిన అమ్మకాన్ని కొన్నవాడు మోసంగా భావించవచ్చు. రేటు పెంచడానికి ఉత్తుత్తి పాట పాడిస్తే ఆ అమ్మకం రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉంది. ఇంత స్పష్టంగా ఉంటే, స్టేషన్‌కు పోయినవాడికి వినపడేది ఒక్కటే మాట, ‘ఇది సివిల్ మ్యాటరప్పా, కోర్టుకు పో.’ కోర్టుకు పోవడానికి అతని చేతిలో ఏం ఆధారం ఉంది? ల్యాప్‌టాప్ తెర అతనికి చూపించలేదు, ఎవరెవరు ఎంతెంత పాడారో కాగితం ఇవ్వలేదు.

ఇక్కడే మాకు కనపడుతున్న రెండు నాల్కల ధోరణి గురించి గట్టిగా చెప్పాలి. మన జిల్లాల్లో వేలం మోసం అంటే అందరికీ గుర్తొచ్చేది సిండికేటే. చిత్తూరు బెల్లం మండీలో గానీ, దామలచెరువు మామిడి మండీల్లో గానీ, మదనపల్లె టమాటా మార్కెట్లో గానీ వ్యాపారులు కూడబలుక్కుని రేటు తొక్కేశారని రైతు గోల పెడితే కనీసం అధికారి వచ్చి నిలబడతాడు, నాయకుడు ప్రకటన ఇస్తాడు. సంత గేటు పాటలో, చెరువు చేపల పాటలో గుడ్‌విల్ పేరుతో డబ్బు ముట్టజెప్పి పోటీదారులను పక్కకు తప్పిస్తే సర్కారుకు నష్టం అని పేపర్లో వస్తుంది. రావాలి కూడా. 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ ఇలా కుమ్మక్కై పాడటాన్ని, కాదని తేలేదాకా పోటీకి చేటు చేసేదిగానే ఎంచుతుంది. కానీ అదే కుమ్మక్కు రేటు పెంచే వైపు జరిగితే? రేటు తగ్గితే సిండికేట్, రేటు పెరిగితే పోటీ, ఇదీ మనవాళ్ల లెక్క. తగ్గినప్పుడు పోయేది ఖజానా సొమ్ము కాబట్టి మోసం, పెరిగినప్పుడు పోయేది ఒక డ్రైవరు సొమ్ము కాబట్టి అది వాడి ఖర్మ. (వినాయకుడి లడ్డూ పాట సంగతి వేరు. అక్కడ ఎక్కువ పాడేది భక్తికో పేరుకో, పాడినవాడు మోసపోయానని ఏడవడు.)

పోనీ, పెరిగిన రేటు అమ్మేవాడికైనా దక్కుతుందా? 2025 నవంబరులో హరియాణాలో హెచ్‌ఆర్ 88 బి 8888 అనే బండి నంబరును కోటీ 17 లక్షలకు పాడారు. దేశమంతా మోగిపోయింది. గడువులోపల డబ్బు కట్టలేదు, నంబరు మళ్లీ వేలానికి పోయింది. అది దొంగపాట అని మేం అనడం లేదు. పాడటానికీ కట్టడానికీ మధ్య సందు ఎంత పెద్దదో చూడమంటున్నాం, అంతే. పాటకు ముందు కట్టించుకునే ధరావత్తు చిన్నదైతే ఎంతైనా పాడొచ్చు.

అప్పు కట్టలేక బండి పోగొట్టుకున్నవాడి గోడు ఇంకొకటి. రేటు పెరిగితే అప్పు తీరుతుంది కదా, వాడికి మేలే అనే పెద్దమనుషులున్నారు. ఏం మేలు? పాడినవాడు కట్టకపోతే బండి యార్డులోనే ఎండకు ఎండుతూ ఉంటుంది, పార్కింగ్ చార్జీ, వడ్డీ రోజూ పెరుగుతుంటాయి, మళ్లీ వేలం వేసేసరికి టైర్లు పోయి బ్యాటరీ చచ్చి తక్కువకు పోతుంది. మిగిలిన బాకీ కట్టమని నోటీసు మాత్రం అతని ఇంటికే వస్తుంది. ఉత్తుత్తి పాట వల్ల కొన్నవాడూ పోయాడు, పోగొట్టుకున్నవాడూ ఇంకోసారి పోయాడు.

చెయ్యాలనుకుంటే దారి లేక కాదు. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు బంగారం, వెండి తాకట్టు అప్పుల మీద ఇచ్చిన ఆదేశాల్లో, అప్పిచ్చిన సంస్థ గానీ దాని సంబంధీకులు గానీ ఆ వేలంలో పాడకూడదని గీత గీసేసింది. రిజర్వు ధర, అంటే అంతకన్నా తక్కువకు అమ్మకూడని రేటు, అప్పటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు, రెండుసార్లు వేలం విఫలమైతే 85 దాకా దిగొచ్చు, అప్పు పోను మిగిలింది 7 పనిదినాల్లో వెనక్కి ఇవ్వాలి. అమ్మ మెడలో గొలుసుకు పనికొచ్చిన రూలు కొడుకు బండికి ఎందుకు పనికిరాదు? మన దగ్గరే ఎర్రచందనం అమ్మినప్పుడు అటవీశాఖ తానే సుత్తి పట్టుకోలేదు, మధ్యలో ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వేదిక మీద ఆన్‌లైన్ వేలం వేయించింది. అమ్మేవాడు వేరు, వేలం నడిపేవాడు వేరు. అదొక్కటే అన్నింటికీ మందు కాదు గానీ, అమ్మేవాడి జీతగాడే ల్యాప్‌టాప్ ముందు కూర్చునే దానికన్నా నయం.

మేం అడుగుతున్నది పెద్ద సంస్కరణేమీ కాదు. ఆ తెరను షెడ్డులో అందరికీ కనపడేలా గోడ మీద వేయండి. పాట ముగియగానే పాటదారుల నంబర్లతో, టైముతో సహా వరుస కాగితం అడిగినవాడికి ఇవ్వండి. అన్నింటికన్నా ముఖ్యం, పాడి డబ్బు కట్టనివాడి పాటలన్నీ మొదటి నుంచి కొట్టేసి, మిగిలిన నిజమైన పాటల్లో తేలిన రేటుకే రెండోవాడికి ఇవ్వండి. మా డ్రైవరుకైతే అది మూడు ఎనభై అయిదు. ఈ ఒక్క రూలు పెడితే దొంగపాట పాడించేవాడికి పైసా మిగలదు, అందుకే పెట్టరు.

కలెక్టర్లూ, రవాణా శాఖవాళ్లూ, మున్సిపల్ కమిషనర్లూ మా పరిధి కాదు అని తప్పుకోవడానికి వీల్లేదు. సీజ్ చేసిన బండి పేరు మారేది రవాణా ఆఫీసులోనే, యార్డుల నుంచి పన్ను వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీలే. పైగా మీరే నడిపే షాపు రూముల పాటల్లో, సంత గేటు పాటల్లో ‘పోయినసారి కన్నా ఇంత ఎక్కువొచ్చింది’ అని ఫొటోలు దిగి ప్రకటనలు ఇస్తారు గదా. ఆ పాడినవాళ్లలో ఎంతమంది పూర్తి డబ్బు కట్టారో, ఎంతమంది ధరావత్తు వదిలేసి పోయారో, ఆ రశీదులు కూడా అదే ఫొటో పక్కన పెట్టండి చూద్దాం.