తీర్పుగారికి సన్మానం

మొన్న నెల్లూరు వి.ఆర్.సి. సెంటరులో టీ తాగుతుండగా, కొట్టులోని టీవీలో ఒక అధికార ప్రతినిధి "న్యాయస్థానం తీర్పును మేము సంపూర్ణంగా గౌరవిస్తున్నాము" అని సెలవిచ్చారు. ఏ తీర్పో నేను పట్టించుకోలేదు. ఈ వాక్యం పలికినవారు తీర్పును అమలు చేయరన్నది పాఠకులకు నేను చెప్పవలసిన సంగతి కాదు. పక్కనున్న ప్లీడరు మిత్రుడు మాత్రం నిట్టూర్చి, "యూరపులో అయితేనా అన్నా, మానవ హక్కుల కోర్టు ఒక్క మాటంటే దేశాలు వణుకుతాయి" అన్నాడు.

ఆ వణుకు ఏపాటిదో విచారించాను. స్ట్రాస్‌బర్గ్‌లోని ఆ కోర్టు తుది తీర్పుకు కట్టుబడతామని సభ్యదేశాలు యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం 46వ అధికరణం కింద మాట ఇచ్చాయి. అమలును పర్యవేక్షించడానికి ఆ దేశాల విదేశాంగ మంత్రుల కమిటీ ఉన్నది. లేనిదల్లా అమీనా ఒక్కడే. మన కావలి మునసబు కోర్టుకైనా డిక్రీ పట్టుకుని జప్తుకు వెళ్లే అమీనా ఉంటాడు గాని, అక్కడ ఓడిన దేశమే తన కార్యాచరణ ప్రణాళికను తానే రాసి పంపుతుంది. అంటే, అప్పు ఎగ్గొట్టినవాడే తీర్చే వాయిదాలు రాసుకుంటాడన్న మాట.

హర్స్ట్ అనే ఖైదీ వేసిన కేసులో 2005 అక్టోబరులో బ్రిటన్‌కు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును చూడండి. శిక్ష పడిన ఖైదీలకు గంపగుత్తగా ఓటు నిరాకరించడం చెల్లదని దాని సారాంశం. ఆ తీర్పుగారు మన టౌన్ హాలుకు విచ్చేశారనుకోండి. గుమ్మంలో పన్నీరు చల్లి, వేదిక మీద వెల్వెట్ కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, మలై కాజా తినిపించారు. మొదటి వక్త తీర్పుగారి వంశచరిత్ర చదివాడు. రెండవ వక్త వారి ఔన్నత్యాన్ని తలచుకుని కంటతడి పెట్టాడు. తీర్పుగారు గొంతు సవరించుకుని "అయ్యా, నేను వచ్చిన పని..." అనబోగా, అధ్యక్షుడు "తమరు అలసి ఉన్నారు" అంటూ మైకు లాక్కున్నాడు. 2011లో బ్రిటన్ పార్లమెంటులోని కామన్స్ సభ 22కు 234 ఓట్లతో ఖైదీల ఓటుపై నిషేధం ఉండవలసిందేనని తేల్చింది. ఆ సరికి శాలువా చెమట వాసన పట్టింది. చివరకు, తాత్కాలికంగా బయటికి వదిలిన ఖైదీల వంటి కొందరికి వీలు కల్పించి, చట్టంలో అక్షరం మార్చకుండా, 2018లో వందన సమర్పణ చేసి తీర్పుగారిని రైలెక్కించారు. దస్త్రం మూసింది సాక్షాత్తూ మంత్రుల కమిటీయే!

పక్క కుర్చీలో బోస్నియాకు సంబంధించిన 2009 నాటి సెజ్దిచ్–ఫిన్సి తీర్పుగారు ఉన్నారు. రోమా (జిప్సీ) జాతివారిని, యూదు పౌరులను దేశాధ్యక్ష పదవికి పోటీ చేయనివ్వని రాజ్యాంగ నిబంధన వివక్షేనని వారన్నారు. 2022 ఎన్నికలు కూడా ఆ నిబంధన కిందనే జరిగాయి. వీరికి మెమెంటో అదనం.

రష్యాకే మర్యాద తెలియదు. స్ట్రాస్‌బర్గ్ తీర్పు అమలుకు తగదని తన రాజ్యాంగ న్యాయస్థానమే ప్రకటించేలా 2015లో చట్టం చేసుకుని, శాలువా ఖర్చు మిగుల్చుకుంది.

మనకు ఈ బెడదే లేదు. ఆసియాకు అటువంటి కోర్టు లేదు కనుక, ధిక్కరించడానికి తీర్పులూ లేవు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ జైలులో ఉన్నవారికి, ముందుజాగ్రత్తగా నివారక నిర్బంధంలో ఉంచినవారిని మినహాయించి, ఓటు లేదంటుంది. దానిని మన సుప్రీంకోర్టు 1997లో సమర్థించింది కూడా. బ్రిటన్ శిక్ష పడినవారితో ఆగింది. మనం రిమాండు ఖైదీనీ వదలలేదు. మన నెల్లూరు పక్క చెముడుగుంట జైలులో జామీను ఇచ్చేవాడు దొరకక మగ్గుతున్న కూలివాడు దోషి అని ఏ కోర్టు చెప్పింది? దేశంలోని ఖైదీలలో దాదాపు నలుగురిలో ముగ్గురు ఇలా దోషిగా తేలని విచారణ ఖైదీలే. అదే జైలులో నాయకుడెవరైనా రిమాండులో ఉంటే, అదే చట్టానికి 2013లో చేసిన సవరణ పుణ్యమా అని నిక్షేపంగా నామినేషన్ వేసుకోవచ్చు. ఓట్లు అడిగే హక్కు పెద్దమనిషికి ఉంచి, ఓటు వేసే హక్కును పేదవాడి చేతిలోంచి గుంజుకోవడానికి సిగ్గుండవద్దా?

ప్లీడరు మిత్రుడు బదులు చెప్పలేదు. టీ డబ్బులు ఆయనే ఇవ్వాలని నేను తీర్పు చెప్పాను. ఆయన దానిని సంపూర్ణంగా గౌరవించి, నా చేతనే ఇప్పించాడు.