తథాస్తు దేవతలకు బెంగళూరు నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ తథాస్తు దేవతల దివ్యసముఖానికి,

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కె.ఆర్.పురం ఫ్లాట్లలో కాపురముంటున్న తెలుగువాళ్లం నమస్కరించి రాసుకునే అర్జీ. ఉభయకుశలోపరి. కుశలమని ముందే రాయకపోతే మీరేమంటారోనని భయం.

సాయంసంధ్య వేళ మీరు ఇళ్ల మీదుగా తిరుగుతుంటారనీ, ఎవరి నోట ఏ మాట జారినా ‘తథాస్తు’ అనేసి పోతారనీ మా పెద్దల నమ్మకం. మీ కోసం మేం భాషనే మార్చుకున్నాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. వెళ్లేది ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు జంక్షన్ మీదుగా అయినా సరే, గడప దగ్గర ‘వెళ్తాను’ అనం, ‘వెళ్లొస్తాను’ అంటాం. మనవాళ్లయితే కాలం చేస్తారు, పరమపదిస్తారు. గిట్టనివాడైతే బాల్చీ తన్నేస్తాడు. ఎవరూ చచ్చిపోరు.

మరి అదే నోటితో ఎండకు చచ్చాం, ట్రాఫిక్‌లో చచ్చాం, ఈ మేనేజరుతో చస్తున్నాం అని రోజుకు ఇరవైసార్లు అంటాం కదా, అప్పుడెక్కడుంటారు స్వామీ తమరు? అప్పుడు వినపడనిది, పోయాక డబ్బు ఎవరి చేతికివ్వాలో చెప్పే ‘నామినీ’ అన్న ఒక్క మాటకు ఎలా వినపడుతుంది?

మీకు గుర్తుండే ఉంటుంది. ఆదివారం పొద్దున, డైనింగ్ టేబుల్ మీద చిక్కుడుకాయల పళ్లెం, దాని పక్కన కొడుకు తెచ్చి పెట్టిన బ్యాంకు నామినీ కాగితం. తల్లి ఈనె తీస్తున్న చెయ్యి ఆగుతుంది. “శుభమా అని సెలవు రోజున ఆ మాటలేంట్రా?” తండ్రి రిమోట్ అందుకుని టీవీ సౌండు పెంచుతాడు. కోడలు కాగితాన్ని మడిచి ఫ్రిజ్ మీద పెడుతుంది. ఫ్రిజ్ మీద పెట్టిన కాగితం గతి మీకు మేం చెప్పాలా.

ఆ కాగితం మళ్లీ అవసరమయ్యేది ఏ అర్ధరాత్రి రెండు గంటలకో, పదకొండో అంతస్తులో, ఇంట్లో ఒకరు పోయినప్పుడు. అప్పటికి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు, ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు కాబట్టి. కంగారులో కారెక్కించి దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి పరిగెడతారు. అక్కడ ‘తీసుకొచ్చేటప్పటికే ప్రాణం లేదు’ అని రాస్తారు, పోలీసులకు కబురు వెళ్తుంది, పోస్టుమార్టం దాకా పోవచ్చు. పెద్ద వయసులో, ఉన్న జబ్బుతోనే ఇంట్లో పోయినప్పుడు చేయాల్సింది వేరు. అంతవరకు చూస్తున్న డాక్టరును పిలిస్తే ఆయనే చూసి, కారణం రాసి ఫారం 4ఎ ఇస్తారు. ఆస్పత్రిలో పోతే అదే ఫారం 4. ఈ ‘ఎ’ అక్షరం తేడా తెలియక తెల్లారేదాకా తిరిగే ఇళ్లున్నాయి.

శరీరం మీ తథాస్తు కోసం ఆగదు. రెండు మూడు గంటల్లో రెప్పలు, దవడ బిగుసుకోవడం మొదలవుతుంది. కళ్లు మూసి, గడ్డం కింద నుంచి తల మీదికి గుడ్డ కట్టి, చేతులు కాళ్లు చాపి, బొటనవేళ్లు రెండూ కలిపి కట్టడం ఈలోపే జరగాలి. ఊళ్లో అయితే ఈ పని తెలిసిన ముసలమ్మ వీధికొకరు ఉండేవారు. ఇక్కడ వీధి నిలువుగా ఉంది. మామూలు లిఫ్టులో మనిషిని పడుకోబెట్టలేం, సర్వీసు లిఫ్టు తాళం సెక్రటరీ దగ్గర, సెక్రటరీ ఫోను సైలెంటులో. చివరికి కుర్చీలో కూర్చోబెట్టి దించుతారు. బిగుసుకున్నాక అదీ కుదరదు. ఫ్రీజర్ బాక్స్ తెప్పిస్తే, జనరేటర్ మీద లైట్లకూ ఫ్యాన్లకూ మాత్రమే కరెంటిచ్చే ఫ్లాట్లలో కరెంటు పోగానే ఆ పెట్టె ఆగిపోతుంది. ఇంకో సంగతి: గుండెకు పేస్‌మేకర్ ఉంటే విద్యుత్ దహనవాటికకు తీసుకెళ్లేముందు తీయించాలి, లేకపోతే లోపల పేలుతుంది. అది పెట్టించిన రోజు బిల్లు ఎంతయిందో ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. తీయించాలని మాత్రం ఎవరికీ తెలియదు.

కళ్ల దగ్గరకొస్తే మీ మీద మాకు నిజంగానే కోపం. ఈ ఊళ్లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ 2006లో, ఆయన కొడుకు పునీత్ 2021లో పోయినప్పుడు కళ్లు దానం చేశారు. పునీత్ కార్నియాలను, అంటే కంటి ముందుండే పారదర్శక భాగాలను, పొరలుగా విడదీసి నలుగురికి అమర్చారు. మా ఇళ్లలో ఆ మాటెత్తితే ‘వచ్చే జన్మలో గుడ్డివాళ్లుగా పుడతార్రా’ అంటారు. వచ్చే జన్మ గురించి ఏమీ మాట్లాడని వాళ్లకు ఈ ఒక్క వివరం మాత్రం ఎలా తెలిసిందో! చేయాల్సింది చూస్తే ఇంతే: ఫ్యాను ఆపాలి, రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తు చేయాలి, ఆరు గంటల్లోపు ఐ బ్యాంకు వాళ్లు రావాలి. షుగరున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. పోయినవారు ముందే రాసిచ్చినా ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. ఇంట్లోవాళ్లు అప్పుడు ఏడుస్తూ ఉంటారు.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలని 1969 చట్టం. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. ఇక్కడ మాకు ఇంకో తిప్పలు: ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో వెనక, పాస్‌బుక్కులో ఒట్టి పొడి అక్షరం. పోయింది ఒక్కరే అయినా బ్యాంకు ముగ్గురిని లెక్కేస్తుంది. బతికుండగా పేరు సరిచేయించుకుందాం అంటే ‘ఇప్పుడెందుకు’ అన్నారు, మీకు భయపడే.

అసలు బ్యాంకులో నామినీ అంటే వారసుడు కాడు, డబ్బు చేతికి తీసుకుని వారసులకు అప్పగించేవాడు. వీలునామా లేకుండా పెళ్లయిన కొడుకు పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికి, భార్యకు, పిల్లలకు తలా ఒక వాటా. తండ్రికి లేదు. సర్జాపూర్ రోడ్డు ఫ్లాటుకు ఊళ్లో పొలం అమ్మి డబ్బిచ్చిన తండ్రి కూడా ఇందులో తండ్రే. రిమోట్ అందుకుని సౌండు పెంచింది ఆయనే అన్నది వేరే సంగతి.

వీటన్నిటికన్నా తెమలనిది నమ్మకం. నలభై ఏళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లకు కూడా, ఆయనకు పరలోకం మీద నమ్మకముందో లేదో తెలియదు. అస్థికలు శ్రీరంగపట్నం దగ్గర పశ్చిమవాహినిలో కలపాలా, రాజమండ్రి గోదావరికి తీసుకెళ్లాలా? పదో రోజు పిండం పెడితే పదకొండో అంతస్తుకు కాకి వస్తుందా? ధనిష్ఠా పంచకంలో, అంటే ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఐదు నక్షత్రాల రోజుల్లో, పోతే ఇల్లు పాడుపెట్టాలంటారు. పదకొండు నెలల అగ్రిమెంటులో ఆరు నెలలు మూసిన ఇంటికి అద్దె కడదామా? గృహప్రవేశం చేయించిన పురోహితుడి నంబరు అందరి ఫోనుల్లో ఉంది, అపరకర్మలు చేయించేవారి నంబరు ఒక్కరి దగ్గరా లేదు. గరుడపురాణం ఇంట్లో ఉంచుకోకూడదన్నారు, అందుకే వైతరణి సంగతి కర్మ జరిగే ఆ పది రోజుల్లోనే, అదీ సగం నిద్రలో వింటాం. నిజానికి కఠోపనిషత్తులో నచికేతుడు ‘పోయినవాడు ఉంటాడా, ఉండడా’ అని అడిగితే, యముడంతటివాడే ఏనుగులిస్తా, బంగారమిస్తా, నూరేళ్లు బతికే కొడుకులనూ మనవలనూ ఇస్తా, మరణం గురించి మాత్రం అడక్కు అన్నాడు. టీవీ సౌండు పెంచడం అక్కడే మొదలైంది. కాకపోతే ఆ పిల్లాడు లేచి వెళ్లిపోలేదు, యముడు చెప్పక తప్పలేదు.

కోలుకునే ఆశ లేనప్పుడు గొట్టాలతో, వెంటిలేటరుతో ఈడ్చొద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి 30న దాని మీద ఉత్తర్వు కూడా ఇచ్చింది. వీలునామాకైతే నోటరీ కూడా అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. సాక్షులు మాత్రం ఇద్దరు. లోపల ఏముందో వాళ్లు చదవక్కర్లేదు, రాసినవారు సంతకం పెట్టడం చూసి తామూ పెట్టాలి. వాటా వచ్చేవాళ్లు కాకపోతే మేలు.

సాక్షి సంతకానికి పిలిస్తే ఇంట్లోవాళ్లు ఆ గదిలోకే రావడం లేదు. పక్క ఫ్లాటువాళ్లు ‘ఛ ఛ, అవేం మాటలండీ’ అన్నారు. మీరు అశ్వినీ దేవతలేనని కొందరంటారు. అంటే సరిగ్గా ఇద్దరు. ఆస్తిలో వాటా లేదు. పైగా దేవవైద్యులు, సంతకం పెట్టినవారు స్పృహలోనే ఉన్నారని చెప్పగలరు.

కాబట్టి వచ్చే ఆదివారం సాయంత్రం 6 గంటలకు, ఎలాగూ మీరు తిరిగే వేళే, దయచేయగలరు. పెన్నులు మేమే ఇస్తాం. గేటు దగ్గర సెక్యూరిటీ ఎవరింటికి, ఏం పని అని రిజిస్టరులో రాయమంటాడు. పర్సనల్ అని రాయండి. వీలునామా అని మాత్రం రాయకండి, అతనికీ మీరంటే భయమే.

ఇట్లు,
తమ విధేయులు