చిన్న పికప్‌కు జరుగుతున్న అన్యాయం

గుర్రాల ట్రైలరు లాగడానికి నీ బండి చాలదంటూ చిన్న పికప్ ఉన్నవాళ్ల మీద తూకాల మేధావులు సాగిస్తున్న దాష్టీకాన్ని ఇక సహించరాదు. రెండు గుర్రాలను మోసే ట్రైలరు తగిలించి క్లచ్ వదలగానే బండి కదిలిందా, లేదా? కదిలింది. ఇంకేం కావాలి? పిట్ట కొంచెం కూత ఘనమని పెద్దలు ఊరికే అన్నారా?

వాళ్ల లెక్క వినండి. ఒక్కో గుర్రం సుమారు 500 కిలోలట. ఖాళీ ట్రైలరే 1,000 నుంచి 1,500 కిలోలట. జీనులు, గడ్డి, నీళ్లు కలిస్తే రెండున్నర టన్నులు దాటిపోవచ్చట. లాగడం సరే, ఆపడం మాటేమిటని అడుగుతారు. బయలుదేరక ముందే ఆగడం గురించి మాట్లాడే అపశకునం మనుషులు!

ట్రైలరు బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే పికప్ వెనక ట్రైలరును తగిలించే కొక్కెం మీద, పడాలట. తగ్గితే ట్రైలరు ఊగుతుంది. మరీ ఎక్కువైతే పికప్ వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు మాట వినదు. రెండున్నర టన్నులకు ఆ భారం 250 కిలోలకు తగ్గదు. పైగా దాన్ని పికప్ మోయగల బరువులోంచే మినహాయించాలట! అంటే దాణా బస్తాలనో, బావమరిదినో ఇంటి దగ్గరే దించాలి. ఇది కుటుంబ వ్యవస్థ మీద దాడి కాదా? వెనక కుంగిన బండి హెడ్‌లైట్లు రోడ్డును వదిలి చెట్ల కొమ్మలను వెలిగిస్తాయని ఇంకో ఫిర్యాదు. పక్షులకు దారి కనబడవద్దా?

ఊగడం మొదలైతే పికప్ బ్రేకు గట్టిగా తొక్కకూడదట. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగు కదలకుండా పట్టుకుని, ట్రైలరు బ్రేకులు మాత్రం చేత్తో వేయాలట. అందుకు ట్రైలరుకు విడిగా బ్రేకులు, వాటిని వేయడానికి క్యాబిన్‌లో కంట్రోలరు. హిచ్ ఊడితే తమంతట తామే బ్రేకులు పడేలా ఒక స్విచ్చి. కత్తెరలా తగిలించిన రెండు గొలుసులు. ఇన్ని ఏర్పాట్లు చూస్తే పాపం, హిచ్ మనసు కష్టపెట్టుకోదూ?

ఇసుక బస్తా పెట్టినచోటే ఉంటుంది. గుర్రం ఈగ వాలినా అడుగు పక్కకు వేస్తుంది. ఆ అర టన్ను అడుగు స్టీరింగు దాకా తెలుస్తుంది. గుర్రం ఒక్కటే అయితే ట్రైలరులోని రెండు గదుల్లో రోడ్డు మధ్యవైపు ఉన్నదాంట్లో నిలపాలట, రోడ్డు అంచుకు వాలుగా ఉంటుంది కాబట్టి. ట్రైలరులో పరిచిన రబ్బరు చాప ఎత్తి, మూత్రానికి నానిన చెక్కలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలట. మొన మెత్తగా దిగిందా, ఆ చెక్క పుచ్చినట్టే. చాప ఎత్తకపోతే ఆ వాసనా ఉండదు, ఆ బెంగా ఉండదు. ఇంత తేలిక ఉపాయం వాళ్లకు తట్టలేదు.

గుర్రాలతో సహా వేబ్రిడ్జి ఎక్కితే అసలు బరువు తేలిపోతుందని చివరి బెదిరింపు. మనవాళ్లెవరూ దాని ఛాయలకైనా పోరాదని నా విన్నపం. ఎవరైనా బలవంతాన ఎక్కిస్తే, చీటీ మడిచి చదవకుండా జేబులో పెట్టుకోండి. గుర్రాలకు ఎలాగూ చదువు రాదు.