పలకల ఇల్లు: మట్టి ముట్టుకోకుండా సుమేరును చదవగలమా?

బడిలో ‘ప్రాజెక్టు వర్క్’ ఇచ్చారంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. పాఠం మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతపు పాత నాగరికత) అయితే థర్మోకోల్ షీట్లు, జిగురు, మట్టి రంగు పెయింటు కొనుక్కొస్తారు. తెల్లారేసరికి ఒక జిగ్గురాత్, అంటే మెట్లుమెట్లుగా లేచే గుడి దిబ్బ, తయారవుతుంది. సగం పైగా పని అమ్మానాన్నలదే. అది రెండు రోజులు బల్ల మీద ఉండి, మార్కులు పడ్డాక మూలకు చేరుతుంది. ఉర్ నగరంలో అసలు జిగ్గురాత్‌ను లోపల పచ్చి ఇటుకలతో, బయట కాల్చిన ఇటుకలతో కట్టారు. ఆ బయటి ఇటుకల మధ్య తారు పూశారు. ఎందుకని అడిగితే థర్మోకోల్ కోసిన పిల్లకు జవాబు తెలియదు. పచ్చి ఇటుక మీద చెంబెడు నీళ్లు పోసి చూసిన పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఈ తేడా గురించే. మెసొపొటేమియాలోని సుమేరు, బాబిలోన్ వాళ్ల వస్తువులకు నమూనాలు చేయించడం కన్నా వాళ్లు చేసిన పని పిల్లలతో చేయించడం మేలు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి చరిత్రలో మెసొపొటేమియా మీద ఒక అధ్యాయమే ఉంది. దాన్ని పరీక్ష కోసం బట్టీ కొట్టించి వదిలేస్తున్నాం. నిజానికి ప్రపంచ చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో చేతికి అందే నాగరికత ఇంకొకటి లేదు. వాళ్ల ముడిసరుకంతా మట్టి, రెల్లు. వినాయక చవితికి తెచ్చిన బంకమట్టిలో మిగిలింది చాలు.

రాతతో మొదలుపెట్టాలి. అరచేతిలో పట్టేంత మట్టి ముద్దను పలకలా ఒత్తి, పుల్లతో దాని మీద చేప బొమ్మ గీయమనండి. గీత లాగుతుంటే రెండు పక్కలా మట్టి లేస్తుంది, వంపు తిరిగే చోట చిరుగుతుంది. ఇప్పుడు పుల్ల కొసను చదరంగా కోసి, లాగకుండా మూలతో నొక్కమనండి. ఒక్క నొక్కుకు శుభ్రమైన మేకు గుర్తు పడుతుంది. క్రీ.పూ. 3300 ప్రాంతంలో ఉరుక్ నగరంలో గీతల బొమ్మలుగా మొదలైన రాత, తర్వాతి శతాబ్దాల్లో క్యూనిఫాం అనే మేకు గుర్తుల రాతగా ఎందుకు మారిందో పిల్లలకు పది నిమిషాల్లో వేళ్ల ద్వారా అర్థమవుతుంది. మనకు దగ్గరి పోలిక కూడా ఉంది. తాటాకు మీద ఘంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుంది కాబట్టే తెలుగు అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెబుతారు. ఒక ఎండు తాటాకు, ఒక మేకు తెచ్చి ఆ మాట ఎంత నిజమో కూడా అదే పీరియడ్‌లో పరీక్షించవచ్చు.

సుమేరు భాషలో బడిని ‘ఎదుబ్బా’ అనేవారు. దాన్ని సాధారణంగా ‘పలకల ఇల్లు’ అని అనువదిస్తారు. పలక పట్టుకుని అక్షరాలు దిద్దిన మనకు ఈ మాట ఎంత దగ్గరిదో చూడండి. నిప్పుర్ నగరంలో 1951–52లో తవ్విన ఒక చిన్న ఇంట్లో దాదాపు 1,400 పలకలు, ముక్కలు దొరికాయి. చాలావరకు క్రీ.పూ. 18వ శతాబ్దపు పిల్లల రాతలే. రాసి అయిపోయిన పలకల్ని నానబెట్టి మళ్లీ పిసుక్కోవడానికి అక్కడ ఒక తొట్టి కూడా ఉంది. ఆ కాలపు గుండ్రటి అభ్యాస పలకల మీద గురువు రాసిన నమూనా ఒక చోట, దాన్ని చూసి విద్యార్థి రాసింది ఇంకో చోట కనిపిస్తాయి. మన దిద్దుబాటుకు అది చుట్టమే. బడి జీవితం గురించిన ఒక సుమేరు రచనలో పిల్లాడు మాట్లాడినందుకు, లేచి నిలబడినందుకు, చేతిరాత బాగాలేనందుకు వరసగా దెబ్బలు తింటాడు. చివరికి తండ్రి గురువును ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, బట్టలు పెట్టి ప్రసన్నం చేసుకుంటాడు. దీన్ని నాటకంగా వేయిస్తే సంభాషణలు ఎవరూ రాసివ్వాల్సిన పని లేదు.

లెక్కల దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చరిత్ర పాఠం గణితంలోకి వెళ్లేది ఇక్కడే. బాబిలోన్ అంకెలకు గుర్తులు రెండే: నిలువు మేకు ఒకటి, కొక్కెం లాంటి గుర్తు పది. లెక్క 60లలో సాగుతుంది. కాబట్టి 1కీ 60కీ ఒకటే మేకు. రెండు మేకులు పక్కపక్కన ఉంటే అది 2 కావచ్చు, మధ్యలో కాస్త ఎడం ఉంటే 61 కావచ్చు. తరగతిని రెండు జట్లు చేసి, ఒక జట్టు రాసిన అంకెల్ని రెండో జట్టుతో చదివించండి. కాసేపట్లోనే వాదన మొదలవుతుంది. ఖాళీ స్థానానికి ఒక గుర్తు కావాలని వాళ్లే అడుగుతారు. సున్నా మన గొప్ప అని మనం రోజూ చెబుతాం. అది లేకపోతే ఏమవుతుందో మాత్రం ఎప్పుడూ చూపించం.

అయినా ఆ అంకెలతోనే వాళ్లు ఎంత దూరం వెళ్లారు! అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో అరచేతిలో ఇమిడే గుండ్రటి పలక ఒకటుంది. చాలావరకు అది విద్యార్థి రాసిందే అంటారు. దాని మీద చతురస్రం, కర్ణాలు, వాటి మీద అంకెలు: 1, 24, 51, 10. అంటే 1కి 24/60, 51/3600, 10/2,16,000 కలపాలి. పిల్లల్ని క్యాలిక్యులేటర్ మీద వేయమనండి. 1.414213 వస్తుంది. రెండు వర్గమూలానికీ దానికీ తేడా పది లక్షల్లో ఒక వంతు కూడా లేదు. ఈ పలక వయసు 3,600 ఏళ్లకు పైమాటే. గంటకు 60 నిమిషాలు ఆ లెక్క నుంచి వచ్చినవే. మన పంచాంగంలోని పన్నెండు రాశుల చక్రం కూడా క్రీ.పూ. 5వ శతాబ్దపు బాబిలోన్‌లో రూపుదిద్దుకుని, గ్రీకుల మీదుగా మన దాకా చేరింది. దాని గురించి పిల్లలతో ఉన్నదున్నట్టు మాట్లాడుకోవచ్చు, అందులో మనకు తగ్గేదేమీ లేదు.

ఆట లేకుండా ఏ పిల్లల చరిత్రా పూర్తికాదు. ఉర్ రాజ సమాధుల్లో పురావస్తు శాస్త్రవేత్త లియోనార్డ్ వూలీ తవ్వి తీసిన ఇరవై గళ్ల ఆట పీటలు దాదాపు క్రీ.పూ. 2600 నాటివి. క్రీ.పూ. 177లో బాబిలోన్‌లో రాసిన ఒక పలకను బ్రిటిష్ మ్యూజియంలోని ఇర్వింగ్ ఫింకెల్ చదివి, ఆ ఆట నియమాలు బయటికి తెచ్చారు. ఇప్పుడు ఎక్కువగా ఆడే పద్ధతిలో నాలుగు మూలల పాచికలు నాలుగు వేస్తారు. ఒక్కో పాచికకు గుర్తు పడే అవకాశం సగం. అంటే అష్టాచమ్మాలో మనం వేసే నాలుగు గవ్వల లెక్క లాంటిదే. గవ్వలు వంద సార్లు వేయించి, ఏ పందెం ఎన్నిసార్లు పడిందో రాయించండి. సంభావ్యత పాఠం అక్కడే అయిపోతుంది. ఉత్తర ఇరాక్‌లోని ఖొర్సాబాద్ కోట ద్వారం దగ్గరి రాతి వృషభం పీఠం మీద ఇదే ఆట గళ్లు గీసి ఉన్నాయి. కాపలావాళ్లు పొద్దుపోక గీసుకుని ఉంటారు. మన పాత గుళ్ల మండపాల్లో నేల మీద చెక్కిన పులిజూదం గళ్లు చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు.

బాబిలోన్ రాజు హమ్మురాబీ శాసనాన్ని మాత్రం ‘కంటికి కన్ను’ దగ్గర ఆపేయడం నాకు బాధగా ఉంటుంది. తరగతిలో ఉత్తుత్తి కోర్టు పెట్టి ఒకే నేరాన్ని మూడుసార్లు విచారించాలి. కన్ను పోయింది పై తరగతి మనిషిదైతే నేరస్తుడి కన్ను తీస్తారు. సామాన్యుడిదైతే ఒక మినా (దాదాపు అర కిలో) వెండి కడితే చాలు. బానిసదైతే అతని ధరలో సగం. మూడో తీర్పు చదివేటప్పుడు తరగతి గది నిశ్శబ్దమవుతుంది. అప్పుడు పిల్లలు మన ఊళ్ల సంగతి ఎత్తితే టీచర్ ఆపకూడదు.

సుద్దముక్క మీద పిన్నుతో బొమ్మ చెక్కి, తడి మట్టి మీద దొర్లిస్తే, మెసొపొటేమియా వాళ్లు సంతకంలా వాడిన దొర్లుడు ముద్ర అవుతుంది. అద్దంలోలా తిరగేసి చెక్కాలన్న సంగతి మొదటిసారి తప్పు చేశాకే తెలుస్తుంది. ఆ కాలపు ముద్రల్లో ఒకటి లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని యజమాని షు-ఇలిషు తనను మెలుహ్హా భాష దుబాసీనని రాసుకున్నాడు. మెలుహ్హా అంటే సింధు ప్రాంతమని ఎక్కువమంది పండితుల మాట. అక్కడి కెంపురంగు కార్నీలియన్ పూసలు ఉర్ సమాధుల్లో దొరికాయి.

ఇంత చేశాక ఒక మ్యాప్ ముందు పెట్టుకోవాలి. బాబిలోన్ నగరపు ఇష్తార్ ద్వారం ఇటుకలు బెర్లిన్‌కు ఎందుకు వెళ్లాయి? 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ మ్యూజియం నుంచి దాదాపు 15,000 వస్తువులు ఎలా పోయాయి? ఉత్తర తెలంగాణ ఊళ్ల నుంచి ఇరాక్‌కు పనికి వెళ్లినవాళ్లున్నారు. అలాంటి వాళ్లు తరగతిలో ఎవరింట్లో ఉన్నా, పిలిచి ఆ నేల ఎలా ఉంటుందో, అక్కడి మనుషులు ఏం తింటారో అడగాలి. దక్షిణ ఇరాక్ చిత్తడి నేలల్లో ఈనాటికీ రెల్లుతో ఇళ్లు కడుతున్నారు. అలాంటి ఇళ్ల బొమ్మలు ఐదు వేల ఏళ్ల కిందటి రాతి చెక్కడాల్లోనూ ఉన్నాయి.

చివరికి పిల్లలు రాసిన పలకలు మిగులుతాయి. మంటలకు మన తాళపత్రం బూడిదవుతుంది, మట్టి పలక గట్టిపడుతుంది. క్రీ.పూ. 612లో అస్సీరియా రాజధాని నీనెవె తగలబడినప్పుడు, అక్కడ అషుర్‌బనిపాల్ రాజు కూర్చిన గ్రంథాలయంలోని పలకలు ఎన్నో అలా కాలి నిలిచాయి. కాబట్టి ఒక బకెట్ నీళ్లు పెట్టండి. ఊళ్లో కుమ్మరి ఆవం ఉంటే నాలుగు పలకలకు చోటు అడగండి. ఏ నాలుగు కాల్చాలో, ఏవి నీళ్లలో కరిగి మళ్లీ ముద్ద కావాలో తరగతే తేల్చుకోవాలి. ఆ తగువుకు ఒక పీరియడ్ మొత్తం ఇచ్చేయొచ్చు.